నారి విప్పి చూడండి: విల్లు ఆకారాల మీద మీ ప్రశ్నలు

ఈ నెల పేజీ మొత్తం విల్లులకే ఇచ్చేశాం. పోయిన సంచికలో మొదటి విల్లు ఎలా ఎంచుకోవాలని ఒకరు అడిగితే జవాబులో లింబ్ ఆకారం గురించి ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం చాల్లేదని, ఆ పేర్లన్నీ విడమరిచి చెప్పమని చాలా ఉత్తరాలొచ్చాయి, అందులో ఎక్కువ విశాఖ నుంచే. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాను. లింబ్ అంటే పిడికి పైన ఒకటి, కింద ఒకటి ఉండే వంగే భాగం. దానికి తెలుగులో అందరూ వాడే మాటేదీ గ్రౌండ్లో వినపడదు, పిల్లలూ కోచ్‌లూ అందరూ లింబ్ అనే అంటారు కాబట్టి నేనూ అదే వాడతాను.

ప్రశ్న: మాస్టారూ, విల్లు కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే లాంగ్‌బో, ఫ్లాట్‌బో, రికర్వ్, రిఫ్లెక్స్, డిఫ్లెక్స్, హైబ్రిడ్, డీ సెక్షన్, పిరమిడ్ అని ఏవేవో పేర్లున్నాయి. ఒకే విల్లుకి రెండు మూడు పేర్లు కూడా రాస్తున్నారు. ఏది నిజం?
(ఇంజనీరింగ్ విద్యార్థి, ఎంవీపీ కాలనీ)

అన్నీ నిజమే బాబూ, చిక్కంతా అక్కడే. ఈ పేర్లన్నీ ఒకే వైపు నుంచి చూసి పెట్టినవి కావు. విల్లుని పక్క నుంచి చూస్తే కనిపించే వంపుకి కొన్ని పేర్లు, ఎదురుగా నిలబెట్టి చూస్తే కనిపించే వెడల్పుకి కొన్ని, లింబ్‌ని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారానికి కొన్ని. అందుకే ఒకే విల్లు రిఫ్లెక్స్ కావచ్చు, పిరమిడ్ కావచ్చు, ఫ్లాట్‌బో కూడా కావచ్చు, మూడూ ఒకేసారి. అమ్మేవాళ్లు ఈ మూడు రకాల పేర్లనీ ఒకే వరసలో కలిపేసి రాస్తారు, చదివేవాడికి అవి ఒకదానికొకటి పోటీ అనిపిస్తాయి.

ముందు పక్క నుంచి చూద్దాం. ఇది నారి విప్పేసి చూడాలి, ఎక్కుపెట్టి ఉన్నప్పుడు సగం విషయం దాగిపోతుంది. విప్పిన విల్లు కర్రలా నిటారుగా ఉంటే అది స్ట్రెయిట్. లింబ్‌లు రెండూ పిడి దగ్గర్నుంచే గురి వైపు వాలి ఉంటే రిఫ్లెక్స్. మనవైపు వాలి ఉంటే డిఫ్లెక్స్. లింబ్ అంతా ఎలా ఉన్నా చివరి కొసలు మాత్రం గురి వైపు చుట్టుకుని ఉండి, ఎక్కుపెట్టాక నారి ఆ కొసల మీద కొంత దూరం ఆనుకుంటే అది రికర్వ్. లాంగ్‌బోలో నారి ఆ చివరా ఈ చివరా కొప్పుల దగ్గర, అంటే నారి తగిలించే గాడుల దగ్గర తప్ప ఎక్కడా తగలదు. రికర్వ్ అవునో కాదో తేల్చుకోవడానికి నేను నమ్మే గుర్తు ఇదొక్కటే, నారి లింబ్‌ని తాకుతోందా లేదా అని చూడడం. హైబ్రిడ్ అని రాసేది చాలావరకు రిఫ్లెక్స్, డిఫ్లెక్స్ కలిపిన లాంగ్‌బో: పిడి దగ్గర లింబ్ కాస్త మనవైపు మొదలై, సగం దాటాక గురి వైపు తిరుగుతుంది. ఎక్కుపెడితే మామూలు లాంగ్‌బోలాగే ఒకటే వంపుతో కనిపిస్తుంది, అందుకే దాన్ని నారితో తీసిన ఫోటోలో చూసి ఏమీ తేల్చలేరు.

ఈ వంపులు అందం కోసం పెట్టినవి కావు. రిఫ్లెక్స్ ఉన్న విల్లుని ఎక్కుపెట్టడానికే లింబ్ ఎక్కువ దూరం వంగాలి, అంటే బాణం ఇంకా పెట్టకముందే అందులో బలం నిండి ఉంటుంది, లాగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచే చేతికి బరువు తెలుస్తుంది, అదే పొడవుకీ అదే పౌండ్లకీ (నారి లాగడానికి పట్టే బలాన్ని పౌండ్లలో చెప్తారు) బాణం వేగం ఎక్కువ వస్తుంది. దాని ఖరీదు ఏమిటంటే లింబ్ మీద ఒత్తిడి ఎక్కువ, చేతిలో చిన్న పొరపాటు జరిగినా బాణం పక్కకి పోతుంది. డిఫ్లెక్స్ దీనికి పూర్తిగా రివర్స్. వేగం కాస్త తగ్గుతుంది, కానీ లింబ్ మీద ఒత్తిడి తక్కువ, వదిలాక పిడిలో అదురు తక్కువ, తప్పుల్ని కాస్త క్షమిస్తుంది. రెండిటినీ కలిపినవాళ్ల ఆశ కూడా ఇదే, డిఫ్లెక్స్ ఇచ్చే నిలకడా రావాలి, రిఫ్లెక్స్ ఇచ్చే వేగమూ రావాలి. బాగా చేసినవాటిలో నిజంగానే వస్తుంది.

ఎదురుగా నిలబెట్టి చూసే పేర్లు తక్కువే. పిడి దగ్గర వెడల్పుగా మొదలై కొసకి తిన్నగా సన్నబడుతూ పోతే పిరమిడ్. చాలా దూరం ఒకే వెడల్పుతో వచ్చి చివర్లో మాత్రమే సన్నబడితే ప్యారలల్. అడ్డకోతలో చూస్తే, లోపలి ముఖం గుండ్రంగా బయటి ముఖం కాస్త చదునుగా ఉన్నది డీ సెక్షన్, ఇంగ్లిష్ లాంగ్‌బో అంటే ఇదే. వెడల్పుగా పలచగా దీర్ఘచతురస్రంలా ఉన్నది ఫ్లాట్‌బో. ఇంకొక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకో. అమ్మేవాళ్లు రాసే బ్యాక్ అన్న మాట గురి వైపు ఉండే ముఖానికి, బెల్లీ అన్నది నీవైపు ఉండే ముఖానికి. చాలామంది దీన్ని తిరగేసి చదివి, బ్యాక్‌కి వెదురు అతికించారంటే తనవైపు అనుకుంటారు.

నువ్వు కొత్తగా మొదలుపెడుతున్నావు కాబట్టి నా సలహా: కొద్దిగా డిఫ్లెక్స్ ఉన్న లాంగ్‌బో గానీ, 62 అంగుళాలు దాటిన పొడవున్న రికర్వ్ గానీ తీసుకో. పొట్టి రిఫ్లెక్స్ విల్లుల ఫోటోలు మనసు లాగేస్తాయి, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. రికర్వ్ విల్లు కొనిచ్చాం. నారి తీసేస్తే కొసలు ముందుకి తిరిగిపోయి ఉన్నాయి. వంకర పోయిందనుకుని వాళ్ల నాన్నగారు దాన్ని వెనక్కి వంచి నారి కట్టారు. ఇప్పుడు ఎటు పట్టుకున్నా ఏదోలా ఉంది. విరిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
(గృహిణి, గోపాలపట్నం)

ముందు ఆ నారి విప్పేయండమ్మా, జవాబు మిగతా భాగం తర్వాత చదవచ్చు. ఎవరూ లాగకూడదు, ఊరికే కూడా. మెల్లగా విప్పి, లింబ్ రెండు ముఖాల మీదా వేలితో నిమిరి చూడండి, సన్నటి చీలిక గీత గానీ పొర లేచినట్టు గానీ తగిలితే ఆ విల్లుని ఇక వాడకండి. ఏమీ లేకపోతే బహుశా ప్రమాదం తప్పినట్టే, అయినా కోచ్‌కి ఒకసారి చూపించాకే బాణం పెట్టనివ్వండి.

కొసలు ముందుకి తిరిగి ఉండడం దాని పుట్టుక. ఎక్కుపెట్టాక కూడా ఆ కొసలు బాబు వైపు కాకుండా గురి వైపే చూస్తూ ఉండాలి. అనుమానం వస్తే లింబ్ మీద రాత చూడండి, పౌండ్లూ పొడవూ సాధారణంగా కింది లింబ్ లోపలి ముఖం మీద, అంటే పట్టుకున్నవాడి కళ్లకి కనిపించే వైపు రాస్తారు. నారి ఆ ముఖం వైపే ఉండాలి. ఎక్కుపెట్టడానికి రెండు చివరలా తొడుగులున్న తాడు ఒకటి దొరుకుతుంది, స్ట్రింగర్ అంటారు, ఖరీదు కూడా పెద్దగా ఉండదు, అది తప్పకుండా కొనండి. కాళ్ల మధ్య విల్లు పెట్టి తొడతో వంచే పద్ధతిలో లింబ్ మెలి తిరుగుతుంది, రికర్వ్ కొసలకి అది అసలు మంచిది కాదు.

ఇలా ముందుకి తిరిగి ఉండే విల్లుల్లో మీరు చూసింది చాలా సౌమ్యమైనది. కొరియా వాళ్ల కొమ్ము విల్లు నారి విప్పితే ఎదురు దిక్కుకి చుట్టుకుపోయి దాదాపు వలయంలా అవుతుంది, దాన్ని ఎక్కుపెట్టడం ఒక విద్యగా నేర్పుతారు. గ్రీకుల కథలో ఒడిస్సియస్ ఇంటికొచ్చిన రాకుమారులందరూ ఓడిపోయింది కూడా గురి దగ్గర కాదు, ఆయన విల్లుకి నారి ఎక్కించలేక. మన శివధనుస్సు కథలోనూ అంతే కదా, రాజులందరికీ పరీక్ష ఎక్కుపెట్టడమే.

రికర్వ్‌లోనే ఇంకో తేడా ఉంది, మీవాడు పెద్దయ్యాక అడుగుతాడు కాబట్టి చెప్తున్నాను. లాగినప్పుడు కొసల వంపు కూడా విప్పుకుంటూ పనిచేస్తే వర్కింగ్ రికర్వ్, మీ దగ్గరున్నది అదే. కొస గట్టిగా ఉండి అసలు వంగకుండా తులాదండంలా పనిచేస్తే స్టాటిక్ రికర్వ్, తుర్కీ, మంగోలు విల్లులు ఆ రకం. ఆ గట్టి కొసని అరబ్బులు సియా అన్నారు, ఇప్పుడు ప్రపంచమంతా అదే పేరు.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు, ఇప్పుడు విశాఖలో టీచర్‌గా చేస్తున్నాను. స్కూల్ ఎగ్జిబిషన్‌లో మా తాతగారి వెదురు విల్లు పెట్టాం. నిటారు వెదురు బద్ద, వెదురు తోలుతో తీసిన నారి. చూడ్డానికి వచ్చిన ఒకాయన "ఇందులో డిజైన్ ఏముంది, కర్రకి తాడు కట్టడమే కదా" అన్నారు. పిల్లల ముందు ఏం చెప్పాలో తోచలేదు.
(ఉపాధ్యాయుడు, మధురవాడ)

మాస్టారూ, ఆ విల్లుని మళ్లీ ఎగ్జిబిషన్‌లో పెట్టండి, ఈసారి పక్కన ఈ జవాబు కూడా పెట్టండి.

విల్లు వంగినప్పుడు గురి వైపు ముఖం సాగుతుంది, మనవైపు ముఖం నొక్కుకుంటుంది. ఏ దేశపు విల్లైనా, ఏ కాలంలోనైనా, డిజైన్ అంటే ఈ రెండు బలాలకీ సమాధానం చెప్పడమే. వెదురులో పీచు అంతా బయటి తోలు దగ్గర ఒత్తుగా ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. సాగే బలాన్ని తట్టుకునేది ఆ తోలే. మీ తాతగారి విల్లు తీసి చూడండి, ఆ తోలు ఏ వైపు ఉంది, దాని మీద కత్తి పడిందా? బాగా చేసిన వెదురు విల్లులో తోలు చెక్కుచెదరకుండా గురి వైపు ఉంటుంది, చెక్కడమంతా లోపలి వైపు నుంచే జరుగుతుంది. దాన్ని తిరగేసి చేస్తే కొద్దిరోజుల్లోనే చీలికలు లేస్తాయి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవకుండా తెలిసినవాడు డిజైన్ తెలిసినవాడు కాదా?

ఇంగ్లండ్ వాళ్లు యూ చెట్టుతో చేసింది కూడా ఇదే. ఆ చెట్టు పై తెల్లచెక్క సాగుతుంది, లోపలి చేవ నొక్కుడుని తట్టుకుంటుంది, రెండూ కలిసి ఉన్న చోట చీల్చి తెల్లచెక్క గురి వైపు, చేవ తమవైపు వచ్చేలా చెక్కారు. 1545లో మేరీ రోజ్ అనే యుద్ధనౌక మునిగిపోయింది, 1982లో పైకి తీశారు, ఆ నౌకలో 137 విల్లులు ఒక్క ముక్క విరగకుండా దొరికాయి. అన్నీ ఒకే చెక్కలోంచి తీసినవి, అతుకు లేనివి. వాటికి ఇవాళ ప్రత్యేకంగా మ్యూజియం ఉంది. డెన్మార్క్‌లో హోల్మెగార్డ్ అనే చిత్తడి నేలలో దొరికిన ఎల్మ్ చెట్టు చెక్క విల్లులు దాదాపు తొమ్మిదివేల ఏళ్ల నాటివి, వెడల్పు లింబ్‌లు, అతుకు లేదు, నిటారు. ఇవాళ విల్లు చేసేవాళ్లు కూడా వాటి కొలతలు తీసి అచ్చు అలాగే చేసి చూస్తున్నారు. ఒకే చెక్కతో చేసిన ఇలాంటివన్నీ సెల్ఫ్‌బోలు. మీ తాతగారిదీ అదే కుటుంబం, పైగా వెదురు బద్ద పుట్టుకతోనే వెడల్పుగా పలచగా ఉంటుంది కాబట్టి అది సహజమైన ఫ్లాట్‌బో.

ఇక రికర్వ్‌లూ కొమ్ము విల్లులూ మన కొండల్లో ఎందుకు లేవంటే తెలివి లేక కాదు, వాన వల్ల. లోపల గేదె కొమ్ము, మధ్యలో చెక్క, బయట జంతువు నరం, ఈ మూడిటినీ చర్మం నుంచో చేప నుంచో తీసిన జిగురుతో అతికించి నెలల తరబడి ఆరబెట్టి చేస్తారు కాంపోజిట్ విల్లుని. గుర్రం మీద కూర్చుని తిప్పాలి కాబట్టి పొట్టిగా ఉండాలి, పొట్టిగా ఉండి అంత వంపు తట్టుకోవాలంటే చెక్క ఒక్కటే చాలదు. ఆ జిగురుకి తేమ శత్రువు. పొడి గాలి వీచే మైదానాల్లో పుట్టిన వస్తువు అది. మన్యంలో జూన్ నుంచి అక్టోబరు దాకా తడిసే అడవిలో దాన్ని కాపాడుకోవడమే ఒక పనవుతుంది. మొగలుల కాలంలో మన దేశంలో ఉక్కుతో కూడా విల్లులు చేశారు, వేగం తక్కువైనా ఆయుధశాలలో ఏళ్ల తరబడి ఉంచినా పాడవవు. అడవిలో ఉన్నవాడికి ఉక్కు అక్కర్లేదు, వెదురు పొద ఇంటి వెనకే ఉంది, విరిగితే రేపటికి ఇంకోటి తయారు.

పిల్లలకి రెండు పాత మాటలు కూడా చెప్పండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాల అధ్యాయంలో విల్లులు నాలుగింటితో చేస్తారని ఉంది: తాటి, వెదురు, చెక్క, కొమ్ము. నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, నరం కూడా పేర్కొంది. అంటే వెదురు నారి రాజుగారి ఆయుధశాలకి కూడా పనికొచ్చిన వస్తువే. అలెగ్జాండర్ సేనాని నియార్కస్ చెప్పిన దాన్నిబట్టి మన దేశపు కాలిబంటు విల్లు మనిషంత పొడవు, ఒక కొస నేల మీద ఆనించి ఎడమకాలితో తొక్కిపెట్టి లాగేవాళ్లు, ఆ బాణానికి ఏ డాలూ ఆగలేదట. మన కొండల్లోనే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషన్ మీదికి తుపాకుల కోసం వెళ్లినప్పుడు వెంట నడిచిన మన్యం వీరుల ఆయుధాలు విల్లంబులు. ఆ విల్లుని కర్రకి తాడు అన్నవారితో వాదన పెట్టుకోకండి, నారి విప్పి చేతికిచ్చి తోలు ఎటుందో చూడమనండి.

ఒక విషయం మాత్రం పిల్లలకి స్పష్టంగా చెప్పాలి, వేట ఇప్పుడు చట్టరీత్యా నేరం, 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది. విల్లు గురి చూసే ఆటకి. ఆ ఆటలో కూడా వెదురుకి చోటుంది, మన దేశపు పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ప్రత్యేక విభాగం వెదురు, చెక్క విల్లుల కోసమే నడుపుతున్నారు.

ప్రశ్న: జ్యోతి సురేఖ అక్క వాడే విల్లు ఇందులో ఏ రకం సార్?
(ఇంటర్ విద్యార్థిని, సీతమ్మధార)

ఇందులో ఏదీ కాదమ్మా. అది కాంపౌండ్, కొసల దగ్గర చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద బరువు బాగా తగ్గిపోతుంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది దానితోనే. బొమ్మదేవర ధీరజ్ ఒలింపిక్స్‌లో వాడింది రికర్వ్, కొసల వంపు పాత రికర్వ్‌లదే, మిగతా లోహం పిడీ, గురి చూసే సైటూ, అదురు తగ్గించే స్టెబిలైజర్లూ కొత్తవి.

ప్రశ్న: నా లాంగ్‌బో మీద 35 పౌండ్లు అని ఉంది. మొదట తేలిగ్గానే వస్తుంది, చివర్లో మాత్రం గోడని లాగుతున్నట్టుంది. తప్పు రాశారా? ఇంకో విషయం, నా ఎత్తు ఆరడుగులు.
(స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, ఉక్కునగరం)

రాత సరైనదే అయ్యుండొచ్చు, మీ ఎత్తులోనే జవాబుంది. ఆ 35 అన్నది 28 అంగుళాలు లాగినప్పటి బరువు. మీ చేతుల పొడవుకి 30 దాకా వస్తుందనుకుంటాను. మామూలు విల్లుల్లో చివరి అంగుళాలకి ఒక్కోదానికి రెండు మూడు పౌండ్లు పెరుగుతుంది, అంటే మీ చేతికి వచ్చేది 40. అంతవరకే అయితే ఫర్వాలేదు, కానీ చివర్లో గోడలా అనిపిస్తోందన్నారు చూడండి, దాన్ని స్టాకింగ్ అంటారు. లింబ్ పొట్టిదైతే లాగేకొద్దీ నారికీ కొసకీ మధ్య కోణం తెరుచుకుపోతుంది, ఆపైన మీరు లింబ్‌ని వంచడం మానేసి దాన్ని పొడుగునా లాగుతున్నట్టవుతుంది. రికర్వ్ కొసలు కనిపెట్టింది ఈ బాధ తీరడానికే కూడా. కొస ముందుకి తిరిగి ఉంటే ఆ కోణం అంత తొందరగా తెరుచుకోదు. లాంగ్‌బోలో మందు ఒక్కటే, పొడవు. అగ్నిపురాణంలో నాలుగు మూరల విల్లు ఉత్తమం, మూడున్నరది మధ్యమం, మూడుది అధమం అని ఉంది. నాలుగు మూరలంటే దాదాపు ఆరడుగులు, మీ అంత. మీ విల్లు పొడవు రాయలేదు, 66 అంగుళాల లోపు అయితే అది మీకు సరిపోదు, 68 గానీ 70 గానీ చూడండి. సామాన్ల సంచులు తూచే కొక్కెం తూకం నారికి తగిలించి మీ పూర్తి లాగుడు దగ్గర ఎంత చూపిస్తోందో ఒకసారి చూసుకుంటే అనుమానం ఉండదు.

ప్రశ్న: నేను కార్పెంటర్‌ని. ముదురు వెదురుతో విల్లు చేస్తున్నాను. కింది లింబ్ బాగానే వంగుతోంది, పై లింబ్ మాత్రం మధ్యలో ఒకచోట మోకాలు మడిచినట్టు మడుస్తోంది. ఆ చోట ఇంకొంచెం చెక్కితే సర్దుకుంటుందా?
(కంచరపాలెం)

అక్కడ చెక్కొద్దు. ఆ చోట ఇప్పటికే పలచబడింది కాబట్టే అక్కడ మడుస్తోంది, ఇంకా చెక్కితే విల్లు అక్కడే పోతుంది. దాన్ని వదిలేసి దానికి అటూ ఇటూ గట్టిగా ఉన్న భాగాల్ని లోపలి ముఖం నుంచి కొంచెం కొంచెం పలచన చేయండి, అవి కూడా వంగడం మొదలుపెడితే మడతకి పని తగ్గుతుంది. మొత్తం మీద కొన్ని పౌండ్లు పోతాయి, పోనివ్వండి. ఇలా రెండు లింబ్‌లూ సరిగ్గా వంగేలా సరిచేయడాన్ని టిల్లరింగ్ అంటారు, విల్లు తయారీలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

మీరు చేతిపని తెలిసినవారు కాబట్టి దీని వెనక లెక్క కూడా చెప్తాను. లింబ్ గట్టిదనం వెడల్పుని బట్టి మామూలుగా పెరుగుతుంది గానీ మందం ఘనాన్ని బట్టి, అంటే మందాన్ని మూడుసార్లు గుణించినట్టు పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల వెడల్పులో 3 తీసేస్తే ఆ చోట గట్టిదనం పదోవంతు తగ్గుతుంది. అదే 10 మిల్లీమీటర్ల మందంలో ఒక్క మిల్లీమీటరు తీస్తే నాలుగో వంతు కంటే ఎక్కువ పోతుంది. అందుకే మొదట్లో చిత్రిక వాడినా పర్వాలేదు, వంగడం మొదలయ్యాక మాత్రం దాన్ని పక్కన పెట్టేసి ఆకురాయీ గరుకు కాగితమూ పట్టుకోవాలి. గీకాక ప్రతిసారీ విల్లుని సగం దాకా చాలాసార్లు మెల్లగా వంచి వదలాలి, తీసిన పొర ప్రభావం వెంటనే కనపడదు. కణుపుల దగ్గర లోపలి ముఖం మీద ఉబ్బు ఉంటుంది, అక్కడ మందం ఎక్కువుండి పక్కన మడత వస్తుంది, ఎక్కువమంది వెదురు విల్లుల్లో జబ్బు ఇదే. బయటి తోలు జోలికి మాత్రం వెళ్లకండి, పైన మాస్టారికి చెప్పిన కారణమే.

ఎలా వంగాలన్నది వెడల్పుని బట్టి ఉంటుంది. పిరమిడ్‌లా సన్నబడే లింబ్ అయితే మందం అంతటా ఒకేలా ఉంచవచ్చు, వృత్తంలో ముక్కలా సమానంగా వంగుతుంది. చాలా దూరం ఒకే వెడల్పు ఉంచితే మందం కొసకి తగ్గుతూ రావాలి, అప్పుడు పిడి దగ్గర తక్కువ, బయటికి వెళ్లేకొద్దీ కాస్త ఎక్కువ వంగుతుంది. మీది ఏ రకమో ముందు నిర్ణయించుకోకుండా చెక్కుతూ పోతే ఎన్నాళ్లయినా తెగదు. కొసల దగ్గర చివరి ఆరేడు అంగుళాలు బలం చెడకుండా ఎంత సన్నం చేయగలిగితే అంత సన్నం చేయండి, బాణం వదిలినప్పుడు అన్నిటికంటే ఎక్కువ దూరం పరుగెత్తేది కొసలే, అక్కడ తగ్గిన ప్రతి గ్రాము వేగంగా తిరిగొస్తుంది. కింది లింబ్ పైదాని కంటే కొద్దిగా గట్టిగా ఉండాలి, ఎక్కుపెట్టాక పిడి దగ్గర్నుంచి సమాన దూరంలో నారికీ లింబ్‌కీ మధ్య కొలిస్తే కింద మూణ్నాలుగు మిల్లీమీటర్లు తక్కువ రావాలి. మన చెయ్యి పట్టుకునేది నడిమికి కాస్త కింద, బాణం పెట్టేది కాస్త పైన, అందుకని. జపాన్ వాళ్ల యుమి రెండు మీటర్లు దాటిన విల్లు, పిడి కింద నుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది, అయినా బాణం తిన్నగా వెళ్తుందంటే ఆ పై లింబ్‌కీ కింది లింబ్‌కీ మధ్య కుదిర్చిన ఈ సమతూకమే కారణం.

గోడకి ఒక మేకు కొట్టి పిడిని దానికి తగిలించి, నారికి తాడు కట్టి కప్పీ మీంచి దూరంగా నిలబడి లాగి చూడండి, ఎవరైనా ఫోన్‌లో ఫోటో తీస్తే మరీ మంచిది. చేతిలో పట్టుకుని పక్కకి తల తిప్పి చూస్తే ఎప్పటికీ నిజం కనపడదు.

ప్రశ్న: క్యాలెండర్లలో రాముడి విల్లు మధ్యలో లోపలికి నొక్కుకుని, పైనా కిందా ఉబ్బి, కొసలు ముందుకి తిరిగి ఉంటుంది. అలాంటి విల్లు నిజంగా ఉంటుందా, లేక చిత్రకారుడి ఊహా?
(విశ్రాంత ఉద్యోగి, పెదవాల్తేరు)

ఉంటుందండీ. మీరు వర్ణించింది ఎక్కుపెట్టిన స్టాటిక్ రికర్వ్ రూపురేఖలకి చాలా దగ్గర. పిడి మనవైపు కుదించి ఉండడం, అక్కడి నుంచి లింబ్ ముందుకి ఉబ్బి వంగడం, కొస గట్టిగా ముందుకి తిరగడం, ఈ మూడూ మన దేశంలో మొగలుల కాలపు కొమ్ము విల్లుల్లో, తుర్కీ విల్లుల్లో కనిపిస్తాయి. బొమ్మ నిజమో కాదో పట్టుకోవాలంటే రాముడు విల్లుని పూర్తిగా లాగి ఉన్న పటం చూడండి. అప్పుడు ఆ రెండు ఉబ్బులూ కలిసిపోయి దాదాపు ఒకే పెద్ద వంపు అవ్వాలి, కొసలు మాత్రం నిటారుగా నిలబడాలి. లాగినా ఆ నొక్కు, ఆ ఉబ్బు అలాగే ఉన్నట్టు గీస్తే ఆయన నిజమైన విల్లు వంగడం చూడలేదన్నమాట. భుజానికి తగిలించుకున్న పటాల్లో చాలావరకు సరిగ్గానే గీస్తారు.

ప్రశ్న: ఏడాది వాడిన చెక్క విల్లు నారి విప్పాక మనవైపు రెండు అంగుళాలు వంగి ఉంటోంది. ఇది డిఫ్లెక్స్ అయిపోయినట్టా? మాది బీచ్‌కి దగ్గర, ఉప్పుగాలి వల్లనా?
(భీమిలి)

చూడ్డానికి రెండూ ఒకటే గానీ కాదు. డిఫ్లెక్స్ చేసినవాడు పెట్టింది, ఇది వాడకంలో వచ్చింది, దీన్ని స్ట్రింగ్ ఫాలో అంటారు. లోపలి ముఖం చెక్క నొక్కుకుని కొద్దిగా నలిగిపోయిందని అర్థం. సెల్ఫ్‌బోకి ఒకటి రెండు అంగుళాలు మామూలే, కంగారు పడాల్సింది ఒక లింబ్‌లోనే ఎక్కువగా వస్తే, లేదా నెలనెలా పెరుగుతుంటే. ఉప్పు కంటే తేమ కారణం. తడి పీల్చిన చెక్క మెత్తబడుతుంది, వానాకాలంలో ఎక్కువ లాగితే తొందరగా నలుగుతుంది. ఆ నెలల్లో బాణాలు తక్కువ వేయండి, వేయడం అయిన వెంటనే నారి విప్పేయండి, గోడకి ఆనించి నిలబెట్టకుండా రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. ఏడాదికోసారి నూనె గానీ వార్నిష్ గానీ పూత వేస్తే తేమ లోపలికి దిగడం తగ్గుతుంది. అతికించిన ఫైబర్‌గ్లాస్ విల్లులకి ఈ తేమ బాధ తక్కువ, వాటికి భయం ఎండ. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే లోపలి జిగురు ఊడిపోతుంది, కాబట్టి ప్రాక్టీస్ నుంచి వస్తూ మధ్యలో ఎక్కడైనా ఆగితే విల్లుని వెంట తీసుకెళ్లండి.